నూటికి 43, వెయ్యికి 16

మన దేశంలో నెలసరికి ముందు వచ్చే బాధల మీద జరిగిన 25 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 8,542 మందిని కలిపి 2021లో ఒక సమీక్ష లెక్క తేల్చింది. నూటికి 43 మందికి పీఎంఎస్ ఉంది. అంటే డేట్ దగ్గరపడే కొద్దీ చిరాకు, ఒళ్లు బరువెక్కడం, రొమ్ముల్లో సలుపు, తలనొప్పి, ఊరికే ఏడుపు రావడం లాంటివి. అదే సమీక్షలో దాని పక్కన ఇంకో అంకె ఉంది: నూటికి 8. అది పీఎండీడీది. ప్రీమెన్‌స్ట్రువల్ డిస్‌ఫోరిక్ డిజార్డర్ అని పూర్తి పేరు. ఇది చిరాకు దగ్గర ఆగదు. నెలలో వారం రోజుల పాటు బతుకు మీదే విరక్తి కలిగేంత దిగులు, ఇంట్లోవాళ్లు బిత్తరపోయేంత కోపం, కారణం లేని గుండెదడ. నెలసరి మొదలైన రెండు మూడు రోజులకు అంతా సర్దుకుంటుంది. వచ్చే నెల మళ్లీ అదే వరస.

ఈ 8 దగ్గర కాస్త ఆగాలి. చాలా అధ్యయనాల్లో ఆడవాళ్ల చేతికి ఒక ప్రశ్నపత్రం ఇచ్చి, గడిచిన నెలల్ని గుర్తు తెచ్చుకుని నింపమంటారు. జ్ఞాపకం మీద ఆధారపడితే ఎంత తేడా వస్తుందో 2024లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల సమీక్ష బయటపెట్టింది. అందులో 50,659 మంది ఉన్నారు. గుర్తున్నది చెప్పమన్నప్పుడు పీఎండీడీ నూటికి 7.7 మందిలో కనిపించింది. మన 8కి దాదాపు సమానం. ఏ రోజు సంగతి ఆ రోజే రాయించి తేల్చినప్పుడు 3.2కి దిగింది. అలా రాయించిన వాటిలోనూ మామూలు జనంలోంచి మనుషుల్ని తీసుకున్న అధ్యయనాలను మాత్రమే చూస్తే 1.6. ఈ అన్నిటికంటే చిన్న అంకె ప్రకారమే ప్రపంచంలో సుమారు 3.1 కోట్ల మంది ఆడవాళ్లు ఈ జబ్బుతో ఉన్నారు. వెయ్యి మందిలో 16 మంది.

పెద్ద అంకె చెబితే సభలో అందరూ తలెత్తి చూస్తారు కాబట్టి నూటికి 8నే వాడటానికి చాలామంది ఇష్టపడతారు. నేను వెయ్యికి 16నే పట్టుకుంటాను. ఈ 16 మందికి జరిగే అన్యాయం అంతా వాళ్లను పెద్ద అంకెలో కలిపేయడం వల్లే జరుగుతోంది. వెయ్యి మందిలో 430 మంది నెలనెలా ఆ చిరాకును ఓర్చుకుంటూ వంట, ఉద్యోగం, పిల్లల చదువులు చూసుకుపోతుంటారు. వాళ్ల అనుభవం నిజమైనదే. చిక్కేమిటంటే, ఆ అనుభవంతోనే అమ్మ, అత్త, తోడికోడలు, ఒక్కోసారి డాక్టరమ్మ కూడా ఆ 16 మందిని కొలుస్తారు. "మాకు మాత్రం రాలేదా? మేం చేసుకోలేదా?" ఈ మాట అనేది ఎవరో పరాయి మగవాడైతే కొట్టిపారేయొచ్చు. సొంత అమ్మ అంటే, నాలోనే ఏదో లోపం ఉందన్న నమ్మకం కుదురుకుంటుంది.

దీనికి తోడు మన ఇళ్లలో నెలసరి లెక్క మొదలయ్యే చోటు వేరు. మూడు రోజులు బయట ఉండటం, నాలుగో రోజు తలస్నానం, ఐదో రోజు పూజ గదిలోకి రావడం. పాటించినా పాటించకపోయినా ఈ వరస తెలియని తెలుగు ఇల్లు అరుదు. అంతా రక్తస్రావం కనిపించిన రోజు నుంచి లెక్క. పీఎండీడీ ఉండేది అంతకు ముందు వారంలో. ఇంట్లో ఎవరూ ఏమీ లెక్కపెట్టని రోజుల్లో. "పాపం, ఈ రెండు రోజులూ కూర్చోనివ్వండి" అనే సమయానికి ఆమె మనసు అప్పుడే తేలికపడుతుంటుంది. సెలవు నిబంధనలు కూడా ఈ పాత లెక్కనే పట్టుకున్నాయి. బిహార్ 1992లో మహిళా ఉద్యోగులకు నెలకు రెండు రోజులు ఇచ్చింది. కర్ణాటక మంత్రివర్గం 2025 అక్టోబరులో నెలకు ఒక రోజు చొప్పున ఏడాదికి 12 రోజులకు ఒప్పుకుంది. కడుపునొప్పికి అవి పనికొస్తాయి. ఈ జబ్బుకు చాలవు.

ఇప్పుడు ఈ లెక్కను, మన ఆడవాళ్లు పనికి వెళ్లే బహ్రెయిన్‌కు తీసుకెళ్దాం. బహ్రెయిన్ జనాభా 2020 జనగణనలో 15 లక్షలు. అందులో సగానికి పైగా విదేశీయులే, భారతీయులే మూడు లక్షల పైమాట. ఆ భారతీయుల్లో తెలుగు ఆడవాళ్లూ ఉన్నారు. నర్సులు, టీచర్లు, భర్త ఉద్యోగం మీద వెళ్లి ఫ్లాట్‌లో ఉండే గృహిణులు, గోదావరి జిల్లాల నుంచీ కడప వైపు నుంచీ ఇంటిపనికి వెళ్లినవాళ్లు. వీళ్లందరిదీ ఒకటే గతి అనుకుంటే పొరపాటు. ఒకామె చేతిలో ఇన్సూరెన్స్ కార్డు ఉంటుంది. ఇంకొకామె గుర్తింపు కార్డు (సీపీఆర్) కూడా యజమానురాలైన మేడమ్ దగ్గరే ఉంటుంది.

ఇంటిపనికి వెళ్లే వాళ్ల విషయంలో వయసు లెక్క గమనించాలి. ఈసీఆర్ (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టు ఉన్న మహిళకు 30 ఏళ్లు నిండకపోతే గల్ఫ్‌లో పనికి మన ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. మోసాల నుంచి కాపాడటానికి పెట్టిన నిబంధన అది. పీఎండీడీ నెలసరి మొదలైన తర్వాత ఏ వయసులోనైనా రావచ్చు. అయితే భరించలేక వైద్యం కోసం తిరిగేది తరచు ముప్పైలలోనే. నెలసరి ఆగిపోయే వయసు దగ్గరపడే కొద్దీ ముదిరేవాళ్లూ ఉన్నారు. ఇంటి నుంచి, అమ్మ నుంచి, పిల్లల నుంచి మనం దూరం పంపుతున్నది సరిగ్గా ఆ వయసులోనే.

ఇక సెలవు. బహ్రెయిన్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం 2012లో వచ్చిన 36వ నంబరు చట్టం. దాని 65వ అధికరణం ప్రకారం మూడు నెలల సర్వీసు దాటిన ఉద్యోగికి, వైద్య ధ్రువపత్రం మీద, ఏడాదికి 15 రోజులు పూర్తి జీతంతో, 20 రోజులు సగం జీతంతో, ఇంకో 20 రోజులు జీతం లేకుండా అనారోగ్య సెలవు దొరుకుతుంది. మొత్తం 55. పీఎండీడీ ఉన్న మనిషికి నెలకు ఆరు చెడ్డ రోజులనుకుందాం. 28 రోజుల చక్రమైతే ఏడాదికి 13 సార్లు. 78 రోజులు. పూర్తి జీతం వచ్చే సెలవు మూడో చెడ్డ వారం మధ్యలోనే అయిపోయి, అక్కడి నుంచి సగం జీతంలో పడుతుంది. సెలవులతో నెగ్గే లెక్క కాదిది, వైద్యంతో నెగ్గాల్సిందే. అదే చట్టం ఇంటిపని వారిని చాలా అధికరణాల నుంచి తప్పించింది. 58వ అధికరణంలోని వార్షిక సెలవు వాళ్లకు వర్తిస్తుంది. 65వది వర్తించదు. ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా, వెళ్లినామెకు చట్టం రాసిచ్చిన జబ్బు సెలవులు సున్నా. ఆ చెడ్డ వారంలో ఆమె మేడమ్ మీద ఒక మాట తూలితే అది జబ్బు కింద లెక్కకు రాదు, పొగరు కిందకే వస్తుంది.

సరే, డాక్టరు దగ్గరికి వెళ్లే వీలున్నామె సంగతి చూద్దాం. థైరాయిడ్, హిమోగ్లోబిన్, హార్మోన్ల పరీక్షలు చేస్తారు. థైరాయిడ్, రక్తహీనత ఉన్నాయేమో చూడటం అవసరమే. చివరికి వచ్చే మాట ఒకటే: "రిపోర్టులన్నీ నార్మలేనమ్మా, టెన్షన్ పడకండి." ఇక్కడే పెద్ద అపార్థం ఉంది. ఈ జబ్బులో హార్మోన్ల రిపోర్టు నార్మల్‌గా ఉండటమే మామూలు. 1998లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పీటర్ ష్మిట్ బృందం ప్రచురించిన ప్రయోగం దీన్ని తేల్చింది. తీవ్రమైన పీఎంఎస్ ఉన్న 20 మందిలో 10 మందికి అండాశయాల పనిని తాత్కాలికంగా ఆపే లూప్రోలైడ్ ఇచ్చారు, 10 మందికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. మందు అందిన వాళ్లకు బాధలు తగ్గాయి. తర్వాత, ఆ మందు సాగుతుండగానే ఈస్ట్రోజన్ గానీ ప్రొజెస్టిరోన్ గానీ మామూలు మోతాదులో తిరిగి ఇస్తే, 10 మందికి బాధలు మళ్లీ వచ్చాయి. ఏ ఇబ్బందీ లేని 15 మంది ఆడవాళ్లకు సరిగ్గా అవే మందులు, అవే హార్మోన్లు ఇచ్చినా వాళ్ల మనసులో ఏ మార్పూ లేదు. అంటే హార్మోన్ ఎక్కువా తక్కువా అన్నది ప్రశ్న కాదు. అందరికీ ఉండే మోతాదుకే కొందరి మెదడు వేరుగా స్పందిస్తుంది. 2017లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ఈ స్త్రీల కణాల్లో, ఆ హార్మోన్లకు స్పందించే ఒక జన్యువుల గుంపు పనితీరులోనే తేడా చూశారు. "మనసు గట్టి చేసుకో" అన్న సలహా కణాల దాకా చేరదు కదా.

ఇంత తెలిసినా, జబ్బుల పుస్తకంలో దీనికి చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1987లో దీన్ని వేరే పేరుతో అనుబంధంలో పెట్టింది. 1994లో ఇప్పటి పేరు వచ్చింది, చోటు మాత్రం అనుబంధమే. అసలు జాబితాలోకి 2013లో ఎక్కింది. 26 ఏళ్లు. అడ్డుపడిన వాళ్లలో స్త్రీవాదులూ ఉన్నారు. ఆడవాళ్లకు నెలకోసారి పిచ్చి పడుతుందని కోర్టుల్లో, ఉద్యోగాల్లో వాడుకుంటారని మనస్తత్వవేత్త పాలా కాప్లాన్ గట్టిగా వాదించింది. ఆ భయం ఉత్తిది కాదు. కానీ ఆ జాగ్రత్తకు మూల్యం చెల్లించింది ఆ 16 మందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీనికి జీఏ34.41 అన్న కోడ్ ఇచ్చింది, 2022 జనవరి నుంచి అమలు. స్త్రీ జననేంద్రియ వ్యాధుల విభాగంలో ఉంచుతూనే డిప్రెషన్ జబ్బుల కిందా చూపించింది. గైనిక్ డాక్టరు మానసిక వైద్యుడి దగ్గరికీ, ఆయన మళ్లీ గైనిక్ దగ్గరికీ తిప్పే అలవాటుకు ఇది కాగితం మీదైనా ఒక జవాబు.

మన న్యాయస్థానాల్లో దీని ప్రస్తావన వచ్చిన తీరు వేరు. 1981లో అజ్మీర్‌లో పిల్లల్ని బావిలోకి తోసిన కేసులో యావజ్జీవం పడిన ఒక మహిళను, నెలసరి ముందరి మానసిక స్థితిపై వైద్యుల సాక్ష్యం ఆధారంగా రాజస్థాన్ హైకోర్టు 2018లో నిర్దోషిగా వదిలింది. ఈ జబ్బు పేరెత్తగానే పత్రికలకు ఇలాంటి కేసే గుర్తొస్తుంది. నాకు అది నచ్చదు, లెక్కలు వేరే దిక్కు చూపిస్తున్నాయి కనుక. రోజువారీ రాతతో పీఎండీడీ నిర్ధారణ అయిందని చెప్పిన 599 మందిని అనేక దేశాల నుంచి అడిగి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆత్మహత్య ఆలోచన వచ్చిందన్నవాళ్లు 72 శాతం. ప్రయత్నించినవాళ్లు 34 శాతం. ముగ్గురిలో ఒకరు. తమ బాధను గుర్తించి, వెతుక్కుని ముందుకొచ్చినవాళ్లలోని లెక్క ఇది, అందరికీ యథాతథంగా అన్వయించకూడదు. అయినా ఈ జబ్బులో ముప్పు ఎవరికో ఇది చెబుతోంది. ఆ ముప్పు ముందుగా ఆమెకే.

రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. మరి నిర్ధారణ ఎలా? కనీసం రెండు నెలసరుల పాటు రోజూ రాసుకోవాలి. అమెరికన్ సంఘం 2013 నిర్వచనంలో 11 లక్షణాలున్నాయి. కనీసం 5 ఉండాలి. ఆ అయిదింటిలో ఒకటైనా ఈ నాలుగింటిలోది కావాలి: ఉన్నట్టుండి మనసు మారిపోవడం, కోపం లేదా తగవులు, దిగులు లేదా నిరాశ, ఆందోళన. మిగిలినవి ఆసక్తి పోవడం, ధ్యాస నిలవకపోవడం, నీరసం, తిండి మీద యావ, నిద్రలో తేడా, ఏదీ అదుపులో లేదన్న భావన, ఒంటి బాధలు. వీటి వల్ల పని, చదువు, ఇంటి సంబంధాలు దెబ్బతినాలి. డాక్టర్లు వాడే రోజువారీ పట్టిక, జీన్ ఎండికాట్ బృందం తయారుచేసింది, 24 అంశాలది. ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా మార్కు. 1 అంటే అసలు లేదు, 6 అంటే విపరీతం.

ఆ పట్టికను చదివే పద్ధతి తెలిస్తే రాయడం మీద నమ్మకం కుదురుతుంది. రెండు వారాలను పోలుస్తారు: నెలసరికి ముందు ఏడు రోజులు, నెలసరి నాలుగో రోజు నుంచి పదో రోజు దాకా. మొదటి వారంలో ఒక లక్షణానికి కనీసం రెండు రోజులు 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. రెండో వారంలో 3 దాటకూడదు. రెండు వారాల మధ్య 30 శాతమైనా తేడా ఉండాలి. నాలుగో రోజు నుంచి పదో రోజు దాకా కూడా 4లు, 5లు పడుతుంటే అది బహుశా పీఎండీడీ కాదు. నెల పొడుగునా ఉన్న డిప్రెషనో ఆందోళనో నెలసరి ముందు పెచ్చరిల్లుతోందన్న మాట. పీఎండీడీ అనుకుని వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లు తక్కువేం కాదు. అదీ తేలిగ్గా తీసుకునేది కాదు, వైద్యం మాత్రం వేరు. 7.7 నుంచి 3.2కి అంకె దిగడానికి ఈ మంచి వారం లెక్కలోకి రావడం ఒక కారణం. చెడ్డ రోజుల్ని అందరం గుర్తుపెట్టుకుంటాం, బాగున్న మంగళవారాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

బహ్రెయిన్‌లో ఉన్నామెకు ఈ పట్టిక వల్ల ఇంకో లాభం ఉంది. ఎదురుగా ఉన్న డాక్టరుది అరబ్బీ, నర్సుది మలయాళం, ఈమెది కోనసీమ తెలుగు. గుండెల్లో ఏదో మెలిపెడుతున్నట్టు ఉందని ఆ గదిలో ఎవరికి చెప్పుకోవాలి? తేదీ, నెలసరి మొదటి రోజు, పక్కన 1, 2, 5, 6, 6, 1. దీన్ని ఎవరైనా చదవగలరు. చదువు రానివాళ్లు సెల్‌ఫోన్ క్యాలెండర్‌లో అంకె ఒక్కటి నొక్కినా చాలు. పట్టిక నింపి తీసుకెళ్లినా "టెన్షనేనమ్మా" అన్న డాక్టరును మార్చుకోవడం తప్పు కాదు.

నిర్ధారణ అయ్యాక వార్త బాగానే ఉంటుంది. ముందుగా వాడేవి డిప్రెషన్‌కూ వాడే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు. అమెరికాలో పీఎండీడీకి ఫ్లూఆక్సెటిన్‌కు 2000లో, సెర్ట్రలిన్‌కు 2002లో అనుమతి వచ్చింది. ఈ మందుల మీద 34 ప్రయోగాలు, 4,563 మంది స్త్రీల ఫలితాలను కాక్రేన్ సమీక్ష 2024లో పరిశీలించి, లక్షణాలు తగ్గుతాయని తేల్చింది. డిప్రెషన్‌కు వాడితే పనిచేయడానికి వారాలు పట్టే ఈ మందులు పీఎండీడీలో రోజుల్లోనే పనిచేస్తాయి. అందుకే కొందరికి నెలసరికి ముందు 14 రోజులే ఇస్తారు. రోజూ వాడటం కాస్త మెరుగని ఆ సమీక్ష చెప్పింది. వికారం, నిద్రలేమి, కామేచ్ఛ తగ్గడం ఉండొచ్చు. బైపోలార్ ఉన్నవాళ్లకు ఈ మందులు ఎదురుతిరిగే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి. రెండో దారి డ్రోస్పైరినోన్ ఉన్న గర్భనిరోధక మాత్ర; 24 రోజులు మందు, 4 రోజులు ఖాళీ మాత్రలు, 2006లో పీఎండీడీకి అనుమతి పొందింది. రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నవాళ్లకు పనికిరాదు. కాల్షియం గురించి కూడా చెప్పాలి, అందరూ అడుగుతారు: 1998 నాటి ప్రయోగంలో రోజుకు 1,200 మిల్లీగ్రాములు వేసుకున్న వాళ్లకు మూడో నెలకు పీఎంఎస్ బాధలు 48 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ 30 శాతం తగ్గాయి. పీఎండీడీకి మాత్రం దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు.

మన ఇళ్లలో చాలా మామూలైపోయిన ఇంకో మాత్ర ఉంది. పెళ్లికో తిరుమల ప్రయాణానికో నెలసరిని వాయిదా వేసే నోరెథిస్టిరోన్. అది ప్రొజెస్టిరోన్ కోవకు చెందిన మందు. ఈ కోవ మందులు కొందరిలో నెలసరి ముందరి లక్షణాలను తెచ్చిపెట్టగలవని బ్రిటన్ గైనకాలజిస్టుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెళ్లింట్లో ఎందుకంత గొడవ చేశానో అని ఏళ్ల తరబడి కుమిలిపోయే ఆడవాళ్లు ఆ వారం ఏ మాత్ర వేసుకున్నారో గుర్తు తెచ్చుకోవడం మంచిది. అలాగే ఇండియా నుంచి సూట్‌కేసులో మందులు మోసుకెళ్లే అలవాటు. డాక్టరు చీటీ, మందు అట్ట రెండూ దగ్గర ఉంచుకోవాలి. ఎవరో ఇచ్చారని నిద్రమాత్రలు, అల్ప్రాజొలామ్ లాంటివి చీటీ లేకుండా తీసుకెళ్తే విమానాశ్రయంలో వచ్చే చిక్కు వేరే.

మందు పనిచేయడానికి ముందు, పట్టిక నింపుతున్న ఆ రెండు నెలలూ గడవాలి. ఈ జబ్బులో ఉన్న ఒక్క వెసులుబాటు, చెడ్డ తేదీలు దాదాపుగా ముందే తెలియడం. ఉద్యోగానికి రాజీనామా, ఇంటికి టికెట్, మొగుడితో తెగతెంపులు, ఏదైనా ఆ వారంలో తేల్చకుండా నెలసరి నాలుగో రోజుకు వాయిదా వేసుకోవచ్చు. రాజోలులోనో రాయచోటిలోనో ఉన్న చెల్లెలు తన ఫోన్‌లో అక్క తేదీలు పెట్టుకుని, ఆ ఏడు రోజులూ రాత్రి ఒక కాల్ చేయొచ్చు. "ఎలా ఉన్నావు" అనే కన్నా "ఈరోజు ఎంత?" అని అంకె అడిగితే జవాబు చెప్పడం ఆమెకు సులువు. చనిపోవాలనిపిస్తోందని ఆమె అంటే, అది నెలసరి ముందరి మాటే అని తెలిసినా ఆ రాత్రికి నిజమే అనుకోవాలి. దగ్గర్లో ఉన్న మనిషిని ఆమె దగ్గరికి పంపాలి. బహ్రెయిన్‌లో అత్యవసర నంబరు 999. ఇక్కడ ఊళ్లో ఉన్నవాళ్లకు టెలీ మానస్ 14416, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.